ఎరిట్రియా ఎర్రసముద్ర తీరం: మసావా, దహ్లక్ దీవులకి మనవాళ్ళు ఎవరైనా వెళ్ళొచ్చారా?

రాజోలు_దుబాయ్
అందరికీ నమస్కారం. నేను దుబాయ్‌లో పనిచేస్తున్నాను. జనవరిలో సెలవు పెట్టి, ఇద్దరు ముగ్గురు మిత్రులతో ఎరిట్రియా వెళ్దామని ఉంది. దుబాయ్ నుంచి అక్కడి రాజధాని ఆస్మారాకి ఫ్లైదుబాయ్ నేరుగా వెళ్తుంది కాబట్టి ప్రయాణం సమస్య కాదు. అసలు చూడాలనుకుంటున్నది మసావా రేవు, దాని ఎదురుగా ఉన్న దహ్లక్ దీవులు. వీలైతే అక్కడినుంచి తీరం వెంట కారులో కిందకి, దక్షిణాన ఉన్న అస్సబ్ రేవు దాకా.

ఇంటర్నెట్‌లో ఒకచోట వీసా సులువు అంటారు, ఇంకోచోట అడుగు తీసి అడుగు వేయాలన్నా పర్మిట్ కావాలంటారు. వెళ్ళొచ్చినవాళ్ళు చెబితే ధైర్యంగా ఉంటుంది. తెలుగులో ఎక్కడా దొరకలేదు, అందుకే అడుగుతున్నాను.

ఓరుగల్లు_పిల్ల
నేను వెళ్ళొచ్చాను, నైరోబీలో ఉద్యోగం చేసే రోజుల్లో. రెండు మాటలూ నిజమేనండి. వీసా ముందే తీసుకోవాలి, నేరుగా విమానం ఎక్కేసి అక్కడ దిగాక అడుగుతాం అంటే కుదరదు. అక్కడి టూర్ ఏజెన్సీ ఒకటి ముందుగా అనుమతి తీసిపెడితే ఎయిర్‌పోర్ట్‌లో స్టాంపు వేస్తారు, లేదంటే వాళ్ళ ఎంబసీలో అప్లై చేయాలి. నాకు ఏజెన్సీ దారే నయం అనిపించింది. ఎలాగూ తీరానికి పోవాలంటే కారూ, కాగితాలూ వాళ్ళే చూడాలి.

వీసాతో ఆస్మారా ఊరు మాత్రమే చూడొచ్చు. ఊరు దాటి ఏ 25 కిలోమీటర్లో పోయారంటే విదేశీయులకి ప్రయాణ పర్మిట్ కావాల్సిందే. ఆస్మారాలో పర్యాటక శాఖ ఆఫీసులో ఇస్తారు. ఏ ఊళ్ళకి పోతున్నారు, ఏ తారీఖుల్లో, ఏ కారులో, అన్నీ రాయాలి. మసావా అని రాసి ఉంటే మసావాకే. దారిలో ఇంకో ఊరు బాగుందని పక్కకి తిరగడానికి లేదు. శని, ఆదివారాలు ఆఫీసు ఉండదు, అందుకని శుక్రవారం రాత్రి దిగేలా టికెట్ తీసుకోకండి. పర్మిట్ కాపీలు నాలుగైదు జిరాక్స్ తీసి పెట్టుకోండి, చెక్‌పోస్టుల్లో అడుగుతారు.

పట్నం_బాబు
ఇంత తతంగం అక్కర్లేదు బ్రో. నాకు తెలిసినవాళ్ళు చెప్పారు, ఆస్మారా బస్టాండ్‌లో మసావా బస్సు ఎక్కి కూర్చుంటే సరి, మన రంగు చూసి సూడానీ వాళ్ళనుకుంటారు. చెక్‌పోస్ట్‌లో అడిగితే తెలీదన్నట్టు నవ్వేస్తే పోనిస్తారు. డాలర్లు కూడా బ్యాంకులో మార్చకు, బయట రేటు వేరే.

మత్స్య_మాస్టారు
పట్నం బాబూ, ఈ సలహా దయచేసి ఇంకెవరికీ ఇవ్వొద్దు. నేను మసావా పక్కన సముద్ర శాస్త్రాల కాలేజీలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పాను. మాది బందరు. ఆ దేశంలో మన తెలుగు లెక్చరర్లు చాలామందిమి పనిచేశాం, ఆస్మారా దగ్గర మై నెఫ్హి ఇంజినీరింగ్ కాలేజీలో ఇంకా ఎక్కువ. జీతం తీసుకుని అక్కడే కాపురం ఉన్న మేం కూడా ఊరు దాటాలంటే పర్మిట్ కాగితం పట్టుకునే వెళ్ళేవాళ్ళం.

పర్మిట్ లేకుండా పట్టుబడితే నీకేమవుతుంది? వెనక్కి పంపుతారు, మహా అయితే విమానం ఎక్కిస్తారు. నిన్ను బస్సు ఎక్కించుకున్న డ్రైవర్ సంగతి ఆలోచించు. ఆ దేశంలో పౌరులే ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకి పోవాలంటే కాగితం చూపాలి. దేశం వదిలి పోవాలంటే ఎగ్జిట్ వీసా కావాలి. 1995 చట్టం ప్రకారం జాతీయ సేవ, అంటే సైన్యంలోనో ప్రభుత్వ పనిలోనో తప్పనిసరిగా చేయాల్సింది, 18 నెలలు. 1998లో ఇథియోపియాతో యుద్ధం వచ్చాక ఆ 18 నెలలకి అంతూ పొంతూ లేకుండా పోయింది. నా క్లాసులో కూర్చున్న పిల్లలు డిగ్రీ అయ్యాక ఎక్కడ పనిచేయాలో వాళ్ళ చేతుల్లో ఉండేది కాదు. అలాంటిచోట ఒక డ్రైవర్‌ని విదేశీయుడితో కాగితం లేకుండా పట్టుకుంటే అతని బతుకు ఏమవుతుందో చెప్పలేం. నీ సరదాకి వాళ్ళని బలిపెట్టకు.

డాలర్ల సంగతి కూడా అంతే. ప్రభుత్వ రేటు డాలరుకి 15 నక్ఫా (వాళ్ళ కరెన్సీ). బయట మార్చడం అక్కడ నేరం. ఎయిర్‌పోర్ట్‌లో దిగగానే చేతిలో ఎంత ఉందో ఫారం నింపుతారు, పోయేటప్పుడు ఆ లెక్క అడగొచ్చు. హింబోల్ అని ప్రభుత్వ మారకపు కౌంటర్లుంటాయి, అక్కడ మార్చి రసీదు దాచుకోండి.

రాజోలు_దుబాయ్
మాస్టారూ, మీరు దొరకడం మా అదృష్టం. పర్మిట్ లేకుండా కదిలేది లేదు, అది ఖాయం. కార్డులు పనిచేస్తాయా? ఫోన్ ఎలా?

మత్స్య_మాస్టారు
తమ్ముడూ, కార్డులు మర్చిపో. ఏటీఎంలు లేవు. మొత్తం ట్రిప్పుకి సరిపడా డాలర్లు నగదుగా తీసుకెళ్ళు, కొత్త నోట్లు, చిరుగులూ గీతలూ లేనివి. చాలా హోటళ్ళు విదేశీయుల దగ్గర డాలర్లే తీసుకుంటాయి.

ఫోన్ రోమింగ్ పనిచేయదు. టూరిస్టుకి సిమ్ దొరకడం కష్టం, దొరికినా మొబైల్ డేటా ఉండదు. ఉన్నది ప్రభుత్వ టెలికం ఒక్కటే. ఆస్మారాలో ఇంటర్నెట్ సెంటర్లలో కూపన్ కొనుక్కుని నెమ్మదిగా మెసేజ్ పంపుకోవచ్చు. మసావాలో దాని మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి వెళ్ళు, లేకపోతే ఇక్కడ అమ్మావాళ్ళు టెన్షన్ పడిపోతారు. హోటల్ పేరు, ల్యాండ్‌లైన్ నంబరు కాగితం మీద రాసి ఇచ్చి వెళ్ళు.

కృష్ణలంక_వాణి
అడగాలా వద్దా అని ఆలోచించి అడుగుతున్నాను. ఇథియోపియా నుంచి స్వాతంత్ర్యం వచ్చిన 1993 నుంచి ఒకే అధ్యక్షుడు, ఒక్కసారి కూడా జాతీయ ఎన్నికలు జరగలేదు. పత్రికలు 2001లో మూసేశారు. జర్నలిస్టులు అప్పట్నుంచీ జైల్లోనే, బతికున్నారో లేదో కూడా తెలీదు. అలాంటి ప్రభుత్వానికి మనం డాలర్లు తీసుకెళ్ళి ఇవ్వడం సబబేనా? సముద్రం అందంగానే ఉంటుంది, కాదనను. కానీ వీసా ఫీజూ, పర్మిట్ డబ్బులూ, హోటల్ బిల్లూ ఎవరికి చేరుతున్నాయి?

ఓరుగల్లు_పిల్ల
వాణి గారూ, నేనూ ఈ ప్రశ్నతోనే వెళ్ళాను. మీ మాట తప్పని అనను. కొంత డబ్బు ప్రభుత్వానికి పోతుంది, దాన్ని తప్పించలేం. కానీ మసావాలో చిన్న పెన్షన్‌లో (ఇంటివాళ్ళే నడిపే చిన్న లాడ్జి) దిగితే ఆ ఇల్లు నడిపే ఆవిడకి పోతుంది. పడవ సరంగుకి, చేపలు కాల్చే ఆయనకి పోతుంది. బయటి ప్రపంచం నుంచి ఎవరో వచ్చి తమ టీ తాగి, తమ ఊరు బాగుందన్నారని వాళ్ళు పడే సంతోషం నేను కళ్ళారా చూశాను. 2009 నుంచి 2018 దాకా ఐక్యరాజ్యసమితి ఆంక్షలున్నాయి. ఆ కాలమంతా ఎక్కువ నలిగింది ఇలాంటివాళ్ళే.

కృష్ణలంక_వాణి
అర్థమైంది. నేను మాత్రం వెళ్ళను. వెళ్ళేవాళ్ళు అక్కడివాళ్ళని రాజకీయాలు అడిగి ఇబ్బంది పెట్టకుండా ఉంటే అదే పదివేలు.

మత్స్య_మాస్టారు
వాణమ్మ మంచి మాట చెప్పింది. ఎంత చనువుగా మాట్లాడినా ప్రభుత్వం గురించి, సైన్యం గురించి మీరుగా ఎత్తొద్దు. వాళ్ళే ఏదైనా అంటే విని ఊరుకోండి. తిరిగొచ్చాక ఫోటోలు పెట్టేటప్పుడు గైడ్ ముఖం, పేరు, అతను మీతో అన్న మాటలు పెట్టకండి. ఇది బతిమాలి చెప్తున్నాను.

రేవు, నేవీ పడవలు, వంతెనలు, యూనిఫాంలో ఉన్నవాళ్ళు, వీటి ఫోటోలు తీయకూడదు. మసావాలో చూడాల్సినవన్నీ రేవు పక్కనే ఉంటాయి కాబట్టి కెమెరా ఎత్తే ముందు ప్రతిసారీ గైడ్‌ని అడగండి.

సింహాచలం_సూరి
నేను వెళ్ళలేదు, కానీ ఆ తీరం చరిత్రంటే నాకు ప్రాణం. రాజోలు గారూ, మసావాకి దక్షిణాన జూలా అఖాతం దగ్గర అడూలిస్ శిథిలాలున్నాయి, పర్మిట్‌లో అది రాయించుకోగలిగితే వదలకండి. ఆ ప్రాంతపు ప్రాచీన రాజ్యం అక్సుమ్‌కి రేవు అది. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన పెరిప్లస్ అనే సముద్ర వ్యాపార పుస్తకంలో అడూలిస్ ఉంది, మన మైసోలియా తీరం కూడా ఉంది. అడూలిస్ నుంచి ఏనుగు దంతాలు, తాబేటి చిప్పలు బయటికి పోయేవని, మన దేశం నుంచి ఇనుము, ఉక్కు, నూలుబట్టలు అక్కడికి వచ్చేవని రాశాడు. మైసోలియా అంటే కృష్ణా ముఖద్వారం, మాస్టారి బందరు చుట్టుపక్కల. అక్కడ సన్నని నూలుబట్టలు విరివిగా నేస్తారని అదే పుస్తకంలో ఉంది.

ఇంకోటి. 1868లో ఇథియోపియా చక్రవర్తి తెవోద్రోస్ మీదకి బ్రిటిష్ సేన పోయింది జూలా తీరం నుంచే. సేన బొంబాయి నుంచి ఓడల్లో వచ్చింది. ఫిరంగులు మోయడానికి 44 ఏనుగుల్ని కూడా మన దేశం నుంచే ఓడలెక్కించారు. మద్రాస్ సాపర్స్, అంటే సైన్యంలో రోడ్లూ వంతెనలూ కట్టే దళం, ఆ దండయాత్రలో ఉన్నారు. అప్పట్లో మద్రాస్ సాపర్స్ అంటే మన తెలుగువాళ్ళూ తమిళులే ఎక్కువ. ఆ ఎడారి ఒడ్డున రేవు కట్టి, రైలు పట్టాలు వేసినవాళ్ళలో మన జిల్లాల కుర్రాళ్ళు ఉండే ఉంటారు. దీని గురించి మన భాషలో ఎవరూ రాయకపోవడం నాకు బాధగా ఉంటుంది.

రాజోలు_దుబాయ్
సూరి గారూ, ఒళ్ళు పులకరించింది. అడూలిస్ లిస్టులో పెట్టేశాను. మరి అస్సబ్ దాకా రోడ్డు ప్రయాణం?

మత్స్య_మాస్టారు
అస్సబ్ మీద ఆశ పెట్టుకోకు తమ్ముడూ. ఒకప్పుడు ఇథియోపియా సరుకంతా దిగిన రేవు అది. 1998 యుద్ధంతో సరిహద్దు మూసుకుపోయి రేవు బోసిపోయింది. 2015 నుంచి కొన్నేళ్ళు ఎమిరేట్స్ సైన్యం అక్కడ స్థావరం పెట్టుకుని యెమెన్ యుద్ధం నడిపింది. 2023 అక్టోబరులో ఇథియోపియా ప్రధాని తమకి ఎర్రసముద్రంలో రేవు కావాలని బహిరంగంగా అన్న దగ్గర్నుంచి ఆ వైపు మళ్ళీ వేడి పుట్టింది. ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ కూడా 2024 సెప్టెంబరులో ఆస్మారా విమానాలు ఆపేసింది. ఇలాంటప్పుడు టూరిస్టుకి దక్షిణ తీరం పర్మిట్ ఎవరిస్తారు? పైగా ఆ దారి దనకిల్ ఎడారి. రోడ్డనేది పేరుకే, ఊరికీ ఊరికీ మధ్య చెట్టు నీడ కూడా ఉండదు, పాత మందుపాతరలు ఇంకా ఉన్నాయి. బండి జాడ వదిలి పక్కకి దిగడానికి లేదు.

దాని బదులు ఆస్మారా నుంచి మసావా దిగే దారిని తీరిగ్గా చూడు. ఆ 115 కిలోమీటర్లే ఒక యాత్ర.

ఓరుగల్లు_పిల్ల
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. ఆస్మారా సముద్రానికి దాదాపు 2,300 మీటర్ల ఎత్తున ఉంటుంది. పొద్దున స్వెటర్ వేసుకుని కారెక్కాను. ఊరు దాటగానే రోడ్డు కొండ అంచున కిందకి తిరుగుతుంది, మబ్బు మన కాళ్ళ కింద ఉంటుంది. కొండముచ్చుల్లాంటి పెద్ద కోతులు రోడ్డు పక్కన గుంపులుగా కూర్చుని ఉంటాయి. నెఫాసిత్ దగ్గరకొచ్చేసరికి స్వెటర్ తీసేశాను, గిండా దగ్గర బొప్పాయి తోటలు, ఆ తర్వాత పచ్చదనం అంతా పోయి ఎర్ర మట్టి, ఒంటెలు. మసావాలో కారు తలుపు తీయగానే వేడి గాలి ముఖాన కొట్టింది. అది చలికాలం!

దారి పొడవునా, అప్పట్లో ఆ దేశాన్ని పాలించిన ఇటలీవాళ్ళు వేసిన చిన్న రైలు పట్టాలు కనిపిస్తుంటాయి. 1887లో మసావాలో మొదలుపెట్టి 1911కి ఆస్మారా చేర్చారు. స్వాతంత్ర్య యుద్ధంలో పట్టాలు పీకి కందకాలకి వాడేస్తే, స్వాతంత్ర్యం వచ్చాక రిటైరైన ముసలి రైల్వే కార్మికులే తిరిగొచ్చి బాగుచేశారట. బృందంగా వెళ్తే ఆవిరి రైలును కొంత దూరం అద్దెకిస్తారు, ఏజెన్సీని అడగండి.

రాజోలు_దుబాయ్
మసావా ఊరు ఎలా ఉంటుంది? శిథిలాలే అంటున్నారు.

మత్స్య_మాస్టారు
శిథిలాలే, కానీ మనుషులున్న శిథిలాలు. ఊరు రెండు దీవుల మీద ఉంటుంది, తౌలుద్ ఒకటి, పాత ఊరున్న దీవి ఇంకొకటి. సముద్రంలోకి కట్టలు వేసి కలిపారు. పాత ఊరు పగడపు రాళ్ళతో కట్టింది. 1557లో తురుష్కులు పట్టుకున్న నాటి నుంచీ ఉన్న పద్ధతి, మేడ మీద చెక్క జాలీ కిటికీలు. 1921లో భూకంపం ఊరిని కూల్చేసింది. మళ్ళీ కట్టుకున్నారు. 1990 ఫిబ్రవరిలో ఎరిట్రియా గెరిల్లాలు మసావాని గెలుచుకుంటే, ఇథియోపియా విమానాలు బాంబులేసి మళ్ళీ కూల్చాయి. ఇథియోపియా చక్రవర్తి భవనం గుమ్మటం చిల్లులు పడి అలాగే ఉంది. తౌలుద్‌లో మూడు ట్యాంకుల్ని దిమ్మె మీద నిలబెట్టి స్మారకం చేశారు.

మా ఇల్లు పాత ఊళ్ళో ఉండేది. ఎండాకాలం రాత్రిళ్ళు ఎవరూ ఇళ్ళల్లో పడుకోరు. పొద్దు వాలగానే వీధి పొడవునా మంచాలు పడతాయి, మన పల్లెల్లో ఆరుబయట నులక మంచాలు వేసుకున్నట్టే. పిల్లలు, ముసలివాళ్ళు, ఎదురింటి వాళ్ళు, అందరూ వీధిలోనే. నేను కొత్తలో మొహమాటపడి లోపల పడుకుంటే, పక్కింటాయన తలుపు కొట్టి తన రెండో మంచం తెచ్చి వీధిలో వేశాడు. భాష రాదు ఇద్దరికీ. ఆ ఊరి మీద నా ప్రేమ అక్కడ మొదలైంది.

మీరు జనవరిలోనే వెళ్ళండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా 40 దాటుతుంది, గాలిలో తేమ వేరే. డిసెంబరు, జనవరుల్లో తీరంలో అప్పుడప్పుడు చిరుజల్లులు పడతాయి, హాయిగా ఉంటుంది. దోమతెర, దోమల మందు తప్పనిసరి, తీరంలో మలేరియా ఉంది.

ఓరుగల్లు_పిల్ల
తిండి గురించి ఎవరూ చెప్పలేదే! మసావాలో యెమెన్ పద్ధతి చేప తినకుండా రాకండి. మన ముందే చేపని వెన్ను వైపు నుంచి నిలువునా చీల్చి, పుస్తకం తెరిచినట్టు పరిచి, ఎర్ర మిరప ముద్ద రాస్తారు. మట్టి పొయ్యి లోతుగా, నిటారుగా ఉంటుంది, దాంట్లోకి దించుతారు. అదే పొయ్యి గోడకి రొట్టె అంటిస్తారు. రొట్టె పొరలు పొరలుగా, అంచులు మాడి వస్తుంది. చేప పైన కరకర, లోపల రసం. చేత్తోనే తినాలి, చెంచాలు అడగొద్దు. బల్ల కింద పిల్లులు కాసుకుని ఉంటాయి. పక్క బల్ల మీద రేవు కూలీలు, ఇటు మేము, అందరిదీ అదే రేటు.

శాకాహారులైతే షిరో అడగండి, శనగపిండితో చేసే కారం కూర, ఇంజెరా అనే మెత్తని పుల్లటి రొట్టెతో ఇస్తారు. బుధ, శుక్రవారాలు క్రైస్తవులు మాంసం, పాలు ముట్టరు కాబట్టి ఆ రోజుల్లో శాకాహారం సులువుగా దొరుకుతుంది.

పట్నం_బాబు
మాస్టారూ, మీరు చెప్పాక నా పోస్టు మళ్ళీ చదువుకున్నాను. డ్రైవర్ కోణం నాకెవరూ చెప్పలేదు. పోస్టు కింద హెచ్చరిక పెట్టాను. ఇప్పుడు నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా, దహ్లక్‌కి ఎలా పోవాలి?

మత్స్య_మాస్టారు
సంతోషం బాబూ. దహ్లక్‌కి మసావా పర్మిట్ చాలదు, వేరే అనుమతి కావాలి. ఏజెన్సీయే పడవ, అనుమతి కలిపి చూస్తుంది. ఖర్చంతా పడవకీ ఇంధనానికే, కాబట్టి నలుగురైదుగురు కలిస్తే మేలు. దీవులు నూటికి పైగా ఉన్నాయి, మనుషులుండేవి నాలుగైదే. చాలావరకు పగడపు దిబ్బలు, బల్లపరుపుగా ఉంటాయి. దిస్సెయ్ మాత్రం కొండలతో ఉంటుంది, అఫార్ తెగ జాలర్లు ఉంటారు, గుడారం వేసుకుని రాత్రి ఉండటానికి అదే బాగుంటుంది. దహ్లక్ కెబీర్ పెద్ద దీవి. అక్కడ వెయ్యేళ్ళ నాటి సమాధి రాళ్ళ మీద కూఫీ అనే పాత లిపిలో అరబ్బీ చెక్కి ఉంటుంది, వాననీరు పట్టడానికి పగడపు రాతిలో తొలిచిన తొట్లు ఉంటాయి. నోక్రా దీవి దగ్గరికి పోనివ్వరు. ఇటలీవాళ్ళ కాలంలో అది జైలు, తర్వాత సోవియట్ నౌకాదళ స్థావరం.

సముద్రంలో ఈదడానికి మాస్కు, ఫిన్స్ దుబాయ్‌లోనే కొనుక్కుని వెళ్ళండి, అక్కడ దొరుకుతాయని నమ్ముకోవద్దు. నీళ్ళు, బియ్యం, ఉల్లిపాయలు, అన్నీ మసావా నుంచి పడవలో వేసుకోవాలి. గాలి ఎక్కువుంటే సరంగు కదలనంటాడు, అతనితో వాదించొద్దు. అందుకే ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. పగడం విరగ్గొట్టొద్దు, గవ్వ ఒక్కటి కూడా తేవొద్దు. తాబేళ్ళు గుడ్లు పెట్టే ఒడ్డులవి.

టైము చాలకపోతే మసావా ఎదురుగా ఉన్న గ్రీన్ ఐలాండ్‌కి ఒక పూటలో పోయిరావచ్చు. చుట్టూ మడ అడవి ఉంటుంది. మడ చెట్లంటే గుర్తొచ్చింది, మసావా పక్కన హిర్గిగోలో గోర్డన్ సాటో అనే అమెరికన్ శాస్త్రవేత్త ఊరి ఆడవాళ్ళతో లక్షల మడ మొక్కలు నాటించాడు. సముద్రపు నీళ్ళలో నత్రజని, భాస్వరం, ఇనుము తక్కువని గమనించి, ఎరువు సంచులకి చిన్న చిల్లు పెట్టి మొక్క పక్కన పాతించాడు. ఆ ఆకులు మేకలకి మేత అయ్యాయి. కోరింగ మడ అడవి పక్కన పుట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే తప్పక చూడాలి.

రాజోలు_దుబాయ్
మాకు కోరింగ దగ్గరే మాస్టారూ, మా అత్తగారిది యానాం. తప్పకుండా చూస్తాను.

మిత్రులతో మాట్లాడాను. అస్సబ్ తీసేశాం. ఆస్మారాలో ముందు ఆగి పర్మిట్లు, తర్వాత మసావా, హిర్గిగో, అనుమతి వస్తే అడూలిస్, గాలి ఒప్పుకుంటే దిస్సెయ్. ఏజెన్సీకి నిన్న మెయిల్ పెట్టాం, పాస్‌పోర్ట్ కాపీలు అడిగారు. మీ కాలేజీ దగ్గరికి వెళ్ళొచ్చా? మీ పేరు చెప్పొచ్చా?

మత్స్య_మాస్టారు
పాస్‌పోర్ట్ గడువు ఆరు నెలలకి పైగా ఉందో లేదో చూసుకుని పంపండి. హిర్గిగో, అడూలిస్, దిస్సెయ్, మూడు పేర్లూ మొదటి దరఖాస్తులోనే రాయించండి, తర్వాత చేర్చడం కష్టం. అడూలిస్‌కి పురావస్తు శాఖ వాళ్ళ అనుమతి విడిగా అడుగుతారు, ఆ సంగతి ఏజెన్సీకి ఇప్పుడే చెప్పండి.

కాలేజీకి వెళ్ళొద్దు, నా పేరు ఎవరి దగ్గరా చెప్పొద్దు. నా శిష్యులకి విదేశీయులు వెతుక్కుంటూ వచ్చారన్న మాట రాకూడదు. పాత ఊళ్ళో సాయంత్రం టీ తాగండి, అల్లం వేసి ఇస్తారు, చాలా బాగుంటుంది. వీసా వచ్చాక ఇక్కడ రాయండి, పడవలోకి ఏమేం సామాను కావాలో లిస్టు పెడతాను.